నాలుక ఎవరిది? రుచి ఎవరు?

విస్కీ రుచి గురించి రాసే నాలుగు వాక్యాలు కూడా ఒక సాహిత్య ప్రక్రియే అంటే మన విమర్శకులు నవ్వుతారు. నవ్వనీండి. దానికో నిర్మాణం ఉంది, సంప్రదాయం ఉంది, గురువులున్నారు, గురువుల్ని అనుకరించేవాళ్ళు వందల్లో ఉన్నారు. ముక్కు, నాలుక, ముగింపు అని మూడు భాగాలు. గ్లాసులోంచి వచ్చే వాసన ముక్కు. నోట్లో పెట్టుకున్నాక తెలిసేది నాలుక. మింగాక గొంతులో ఏది ఎంతసేపు నిలిచిందన్నది ముగింపు. క్రియలు తక్కువ, విశేషణాలు ఎక్కువ. పోలికలు తీసేస్తే ఇక రాతే మిగలదు. ఇంతగా పోలికల మీద బతికే రాత నాకు తెలిసి మన ప్రబంధాల్లోని నాయికా వర్ణన ఒక్కటే. ఈ రెంటికీ చుట్టరికం ఉందని నా అనుమానం.

ఈ అనుమానం పుట్టింది పోయిన వేసవిలో, ఎడిన్‌బరోలో. అనువాదాల మీద జరిగిన ఒక సదస్సుకి ముగ్గురం వెళ్ళాం: యూనివర్సిటీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దక్క, నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన అనువాదకురాలు, నేను. గ్లాస్గోలో చాలా ఏళ్ళుగా డాక్టరుగా ఉన్న నల్గొండ స్నేహితురాలు మమ్మల్ని కలవడానికి రైల్లో వచ్చింది. బార్‌కి తీసుకెళ్ళింది ఆమే. పాత ఊళ్ళో రాతిమెట్లు దిగి వెళ్ళే చిన్న బార్. "స్కాట్లండ్ దాకా వచ్చి కోట చూసి పోతే ఎట్లక్కా" అంది.

స్కాచ్ విషయంలో వాళ్ళ చట్టం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. 2009 నాటి నిబంధనల ప్రకారం సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, నీళ్ళు, ఈస్టు మాత్రమే వాడి, ఒకే డిస్టిలరీలో, రాగి కుండల్లాంటి బట్టీల్లో దఫాలుగా దించినది. 700 లీటర్లకి మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు స్కాట్లండ్‌లోనే ఊరాలి. హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంబెల్‌టౌన్ అని అయిదు ప్రాంతాల పేర్లని చట్టం కాపాడుతుంది. మేం వెళ్ళిన చోట ప్రాంతానికొకటి చొప్పున అయిదు చిన్న గ్లాసులు, ఒక్కోదాన్లో 25 మిల్లీలీటర్లు, చెక్క పలక మీద పేర్చి ఇస్తారు. పక్కన నీళ్ళు, చుక్కలు వేసుకోవడానికి డ్రాపరు, రుచి వివరాలు అచ్చేసిన ఒక అట్ట. అట్ట వెనక మన అభిప్రాయం రాసుకోవడానికి ఖాళీ గీతలు. రెండు పలకలు చెప్పి నలుగురం పంచుకున్నాం. పంచుకున్నాం అంటే ముగ్గురం తాగాం. నెల్లూరు స్నేహితురాలు వాసన చూసింది. దాని సంగతి తర్వాత.

నాకు గ్లాసులకంటే అట్ట ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. తోలు కుర్చీ, చుట్టల పెట్టె, పాత గ్రంథాలయం, క్రిస్మస్ కేకు, వేటకి వెళ్ళొచ్చాక రాజేసిన చలిమంట. నాలుగు పోలికలు చదివేసరికి రాసినవాడి ఇల్లు కళ్ళకు కట్టింది. ఆ ఇంట్లో కేకు వండినవాళ్ళు ఎవరో, చలిమంట బూడిద ఎత్తిపోసినవాళ్ళు ఎవరో మాత్రం అట్టలో లేదు. రెండో గ్లాసు 'సుకుమారమైనది', మొదటిసారి తాగే ఆడవాళ్ళకి అనువైనదట. అయిదోది 'మొరటు మగతనం' ఉన్నదట! అన్నీ బార్లీ గింజలోంచే వచ్చాయి. ఆడా మగా ఎప్పుడు అయ్యాయి?

"మనకిదేం కొత్తా" అంది పెద్దక్క. "కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చవి చూసిన జాతి మనది. ఇదిగో ఈ లోలాండ్‌ది ద్రాక్ష. నోట్లో వేసుకుంటే చాలు. ఆ ఐలా గ్లాసు నారికేళం. ముందు పెంకు పగలాలి." అందరం నవ్వాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పాకం తెలిసినవాణ్ణి మనం రసజ్ఞుడు, రసికుడు అన్నాం. రసికుడంటే కళ తెలిసినవాడు. అదే రసికురాలు అని చూడండి, వినేవాళ్ళ పెదవి మీద ఎలాంటి నవ్వు వస్తుందో. ఒకే ధాతువు నుంచి పుట్టిన మాట మగవాడికి బిరుదు, ఆడదానికి నింద అయింది. ఎందుకంటే రసం ఆమె, రుచి చూసేవాడు అతను. అధరం తేనె, మాట చక్కెర, మేను చందనం అని వరసపెట్టి చెప్పుకుపోయే నాయికా వర్ణనలో నాయికకి నాలుక లేదు. ఉంటే గింటే అది కూడా వర్ణించడానికే.

ఈ వరసని తిరగేసిన ముద్దుపళనికి ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో రాసిన 'రాధికా సాంత్వనం'లో కోరిక ఆమెది, చవి ఆమెది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకంటే పచ్చిగా రాసిన మగకవులు హాయిగా పాఠ్యపుస్తకాల్లో ఉన్నారు. శృంగారం దోషం కాలేదు. నాలుక చోటు మారడం దోషమయింది.

విస్కీ రాతల్లో ఇదే రగడ 2020 సెప్టెంబరులో జరిగింది. జిమ్ మర్రే అనే ఇంగ్లీషు రచయిత 2003 నుంచి 'విస్కీ బైబిల్' అని ఒక పుస్తకం తెస్తూ వచ్చాడు. ముక్కుకి 25, నాలుకకి 25, ముగింపుకి 25, సమతూకానికి 25, మొత్తం నూరు మార్కులు. ఆయన ఒక సీసాకి ఎక్కువ మార్కులు వేస్తే అది దుకాణాల్లో దొరకదు. ఆ పుస్తకంలో విస్కీని 'సెక్సీ' అన్న సందర్భాలు 34 ఉన్నాయని, కొన్నిచోట్ల తాగడాన్ని స్త్రీతో పడుకోవడంతో పోల్చాడని బెకీ పాస్కిన్ అనే విస్కీ పాత్రికేయురాలు ఎత్తిచూపింది. కొన్ని దుకాణాలు ఆ పుస్తకం అమ్మడం మానేశాయి. ఆయన ఆరోపణని తోసిపుచ్చాడు. ఇది స్వేచ్ఛాలోచన మీద దాడి అన్నాడు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. చర్చంతా ఆ 34 చుట్టూనే తిరిగింది. ఆ మాటల్ని ఎర్ర సిరాతో కొట్టేస్తే పుస్తకం శుద్ధి అయిపోతుందా? మోటు పోలికలు తీసేసి 'పట్టు', 'వంపు', 'లొంగుబాటు' అని సభ్యంగా రాసినా పీట మారదు. తాగేవాడు పురుషుడు, తాగబడేది స్త్రీ. 1979లో స్కాట్లండ్‌లోనే పరిశోధనశాలల కోసం విస్కీ రుచుల చక్రం ఒకటి తయారు చేశారు. ధాన్యం, పూలు, పొగ, చెక్క, గంధకం అంటూ సాగుతుంది. పొడిగా ఉంటుంది, కవిత్వం లేదు. కానీ ఆ చక్రంలో ఎవరి ఒళ్ళూ లేదు. స్త్రీ శరీరం లేకుండా రుచి చెప్పడం కుదరదని ఎవరన్నా అంటే నేనైతే ఆ చక్రం చూపిస్తాను.

స్త్రీని పోలికలోంచి తీసేస్తే ఆమెకి ఇక చోటు లేదా? ఉంది. బట్టీ దగ్గర ఉంది. మా రెండో గ్లాసు, ఆ 'సుకుమారమైనది', స్పేసైడ్‌లోని కార్డూ. 19వ శతాబ్దం మొదట్లో ఆ పొలంలో హెలెన్ కమ్మింగ్ లైసెన్సు లేకుండా విస్కీ కాచేది. సుంకం అధికారులు వస్తే తన ఇంట్లోనే భోజనం పెట్టి కూచోబెట్టి, పెరట్లో ఎర్ర జెండా ఎగరేసి చుట్టుపక్కల బట్టీలవాళ్ళకి కబురు చేసేదని చెప్పుకుంటారు. పులుస్తున్న బార్లీ వాసన రొట్టె పిండిది అని నమ్మించేదట. 1823లో చట్టం మారాక, 1824లో లైసెన్సు వచ్చింది, భర్త పేరు మీద. తర్వాత కోడలు ఎలిజబెత్ భర్త పోయాక 1872 నుంచి వ్యాపారం నడిపి, 1880లలో కొత్త డిస్టిలరీ కట్టించి, పాత బట్టీల్ని గ్లెన్‌ఫిడిక్ మొదలుపెడుతున్న విలియం గ్రాంట్‌కి అమ్మింది. 1893లో జానీ వాకర్ కంపెనీకి డిస్టిలరీ అమ్మింది. ఆ కంపెనీ వారసులు 2018లో స్త్రీలని ఆకట్టుకోవడానికి 'జేన్ వాకర్' అని సీసా మీద ఒక ఊహాస్త్రీని గీశారు. ఇంట్లో ఎలిజబెత్ ఉండగా!

హెలెన్ కథ వినగానే నల్గొండ స్నేహితురాలు అంది: "గంతేగదా. గుడుంబ కాసిన ఆడామె. మా దిక్కు అయితే ఎక్సైజోల్లు కుండలు పగలగొట్టి కేసు పెడ్తరు. ఈడ సీసా మీద చరిత్ర రాసిండ్రు." నిజమే. రెండు వందల ఏళ్ళ దూరం, తెల్ల చర్మం, ఒక కంపెనీ, ఈ మూడూ కలిస్తే నాటు సారా వారసత్వం అవుతుంది.

అయిదో గ్లాసు ఐలా దీవి నుంచి వచ్చిన లాఫ్రోయిగ్. అట్ట 'మొరటు మగతనం' అంటున్న ఈ విస్కీని పదిహేనేళ్ళకి పైగా నడిపింది బెసీ విలియమ్సన్. గ్లాస్గోలో చదువుకుని 1934లో వేసవికి టైపిస్టుగా ఆ డిస్టిలరీకి వచ్చింది. యజమాని ఇయన్ హంటర్ పక్షవాతంతో మంచాన పడ్డాక బరువు చాలావరకు ఆమె మీదే పడింది. 1954లో ఆయన చనిపోతూ డిస్టిలరీని ఆమెకి రాసిచ్చాడు. తర్వాత కంపెనీకి అమ్మినా 1972లో రిటైరయ్యేదాకా ఆమే చూసుకుంది. ఈ కథని సాధారణంగా 'ఆయన ఔదార్యం' అని చెబుతారు. ఇరవై ఏళ్ళ చాకిరీని ఔదార్యంగా మార్చే విద్య మనకీ బాగా తెలిసిందే. మాకు గ్లాసులు తెచ్చిన అమ్మాయి బెసీ గురించి చెబుతూ మెరిసిపోయింది. పక్క బల్ల దగ్గర ఒకాయన "విస్కీ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే పిలుస్తావా" అని ఆ అమ్మాయినే అడగడం మేం విన్నాం. రేచల్ బ్యారీ, ఎమ్మా వాకర్ లాంటివాళ్ళు ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలకి రుచి నిర్ణయిస్తున్నారు. బార్ బల్ల దగ్గరికి ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

ఇంతకీ బట్టీ దగ్గర ఆడవాళ్ళున్నారు కాబట్టి ఇది మన పానీయం అని సంబరపడే రకం వ్యాసం కాదిది. హైలాండ్ గ్లాసు క్లైన్‌లీష్. పాత డిస్టిలరీని బ్రోరాలో 1819లో కట్టించింది సదర్లండ్ జమీ. అవి గొర్రెల పెంపకం లాభసాటి అని లోయల్లోని కౌలు కుటుంబాల్ని వేల సంఖ్యలో ఖాళీ చేయించి సముద్రపు ఒడ్డుకి తోలిన రోజులు. ఆ భూములు భర్తవి కావు, కౌంటెస్ ఎలిజబెత్‌కి పుట్టింటి నుంచి వచ్చినవి. జమీందారిణి సంతకంతో కూడా గుడిసెలు కూలతాయి. ఆ గ్లాసులో మైనం వాసన బాగుందని నేను రాసుకున్నాను. బాగుంది కూడా.

అట్ట వెనక ఖాళీ గీతలు నింపేటప్పుడు అసలు ఆట మొదలైంది. తోలు కుర్చీలు మా ఇళ్ళల్లో లేవు కదా, మరేం రాయాలి? లోలాండ్‌ది ఓకెన్‌టోషన్. అప్పుడే విరిచిన చెరకు గడ అన్నాను. కార్డూకి పటికబెల్లం, మగ్గిన జామపండు. క్యాంబెల్‌టౌన్ నుంచి వచ్చిన స్ప్రింగ్‌బ్యాంక్‌కి పెద్దక్క "ఉప్పులో ఊరేసిన మామిడి ముక్క, జాడీ వాసినతో సహా" అంది. లాఫ్రోయిగ్ దగ్గర అందరం ఒకేసారి "ఆసుపత్రి!" అన్నాం. డాక్టరు దాన్ని వివరించింది. బార్లీని పీట్ మంట పొగ మీద ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలలో వేల ఏళ్ళు కుళ్ళి గట్టిపడ్డ మొక్కల మట్టి. ఆ పొగలోని ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ గింజకి పడతాయి. ఆసుపత్రి క్రిమినాశకాల్లో ఉన్నదీ ఆ ఫినాళ్ళ కుటుంబమే. మన కట్టెల పొయ్యి పొగలోనూ గ్వాయకాల్ ఉంది. అంటే అమ్మ పొయ్యి ఊదుతుంటే వచ్చిన పొగ అనడం కవి సమయం కాదు, రసాయన సత్యం. మరి ఏ విస్కీ పుస్తకంలోనూ ఆ పొయ్యి నా కంటబడలేదెందుకు? చలిమంట పక్కన కూచున్నవాడే రాస్తున్నాడు, పొయ్యి ముందు కూచున్నది రాయలేదు.

"మా నాయనమ్మకు ఇవన్నీ ఎవరు నేర్పిండ్రక్కా" అని డాక్టరు మొదలుపెట్టింది. "రేకల కల్లు తాగి ఇది ఎవరి చెట్టుదో చెప్పేది. పోతుతాడుదా, పరుపుతాడుదా, పొద్దటిదా, మాపటిదా, లొట్టి కడిగిండ్రా లేదా, అన్నీ చెప్పేది. ఏ బైబిల్ చదివింది?" పండక్కి, పెళ్ళికి, చావుకి ఆడా మగా కలిసి కల్లు తాగే ఊళ్ళు తెలంగాణలో ఎన్నో. 'మన ఆడవాళ్ళు తాగరు' అనే వాక్యంలో 'మన' అంటే ఏ కులమో వేరే చెప్పాలా? పెద్దక్క తన ఇంట్లో కల్లు అన్న మాట కూడా మైలే అని ఒప్పుకుంది. ఆ నాయనమ్మ దగ్గర ఉన్నది ఒక పూర్తి పదకోశం. ఏ చెట్టు, ఏ నేల, ఏ పూట అన్న తేడా మీద కట్టిన విమర్శ భాష. దాన్ని మన సాహిత్య విమర్శ అరువు తెచ్చుకోలేదు. ద్రాక్ష, అరటి, కొబ్బరి దగ్గరే ఆగిపోయింది. నేనైతే ఒక కవితని పరుపుతాటి పొద్దటి కల్లు అని మెచ్చుకునే రోజు కోసం చూస్తున్నాను.

ఇదంతా వింటూ నెల్లూరు స్నేహితురాలు అయిదు గ్లాసులూ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని కింద పెట్టింది. మేం బలవంతం చేయలేదు. ఆమె తల్లి 1992లో సారా వేలం పాటలు ఆపిన ఆడవాళ్ళలో ఒకతె. అక్షరాస్యత వాచకంలో తాగుడు మాన్పించిన ఆడవాళ్ళ కథ చదివి, దూబగుంట మొదలుకొని ఊరూరా సారా కొట్లు మూయించిన ఆ కథ మనకి తెలుసు. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతా అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది పోయింది. అంతకు ముందు సారాని పాకెట్లలో పోసి పల్లెల్లోకి చేర్చిన పథకానికి ప్రభుత్వం పెట్టిన పేరు గుర్తుందా? వారుణి వాహిని. పాలసముద్రంలోంచి పుట్టిన మద్యదేవత వారుణి. సర్కారు వారికి కూడా తాగబడేదానికి ఆడపేరే దొరికింది.

"రుచి, రుచి అంటున్నారు గదక్కా," అంది ఆమె, "మా నాయన తాగినదానికి రుచి ఉండిందో లేదో మాయమ్మని ఎవురూ అడగలా. ఆయన నోటి వాసన ఎట్టా ఉంటదో ఆమెకి తెలిసినంత ఈ పుస్తకాలోడికి తెలవదు."

డాక్టరు వదల్లేదు. సారా ఉద్యమం తాగుడు పాపమని జరగలేదు, కూలి డబ్బులు, తిండి, దెబ్బలు, వేలం పాటలు, వీటి మీద జరిగింది అంది. ఆమె మాట సరైనదే. నాయనమ్మ రేక, నాయన పాకెట్టు ఒకటి కావు. కానీ నెల్లూరు స్నేహితురాలి ప్రశ్న దానికి పక్కది. ఒకడి తాగుడికి రుచి అనే భాష ఎవరిస్తారు, ఇంకొకడి తాగుడికి వ్యసనం అనే భాష ఎవరిస్తారు? స్కాట్లండ్‌లో 2018 నుంచి మద్యానికి కనీస ధర చట్టం ఉంది. 2024 సెప్టెంబరు 30 నుంచి యూనిట్‌కి 65 పెన్నీలు. 40 శాతం ఉన్న 700 మిల్లీలీటర్ల సీసాలో 28 యూనిట్లు, అంటే 18 పౌన్ల 20 పెన్నీలకి తక్కువ అమ్మకూడదు. సింగిల్ మాల్ట్ ఎటూ అంతకంటే ఖరీదే, దాన్ని ఈ చట్టం తాకదు. చవక మందునే తాకుతుంది. ప్రాణాలు కాపాడటానికే చేశారు, నేను కాదనను. డాక్టరు కూడా దాన్ని సమర్థించింది. అయితే తన దగ్గరికి దెబ్బలతో వచ్చే ఆడవాళ్ళలో ఖరీదైన సీసాల ఇళ్ళవాళ్ళూ ఉన్నారని, వాళ్ళు 'మెట్ల మీద పడ్డాను' అని ఇంకా చక్కటి ఇంగ్లీషులో చెబుతారని కూడా అంది.

ఇది అక్కడి సంగతి అని వదిలేయడానికి లేదు. సీసాల లెక్కన 2022లో ఫ్రాన్సుని దాటి ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ స్కాచ్ కొన్న దేశం మనది. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో విస్కీ సుంకాన్ని 150 శాతం నుంచి 75కి, పదేళ్ళలో 40కి దించాలన్న మాట ఉంది. బెంగుళూరులో తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్ 2004లోనే గ్లాస్గోలో విడుదలైంది. రుచి చూపించే సాయంత్రాలు ఇప్పుడు హైదరాబాదులోనూ జరుగుతున్నాయి. సీసాలతో పాటు ఆ రాతా వస్తుంది. తెలుగులోకి దిగేటప్పుడు అది మన రసికుడి భాషని వాటేసుకుంటుందని నా భయం. రెండూ ఒకే ఇంటి బిడ్డలు కదా. అనువాదకులుగా మనం ఎలాగూ ఆ పనికి పిలవబడతాం. డబ్బులు బాగానే ఇస్తారట.

ఈ వ్యాసం కోసం నెల్లూరు స్నేహితురాల్ని ఆమె అట్ట అడిగాను. తను తాగనిదాని మీద కూడా వెనక గీతల్లో రాసిందని నాకు అప్పటిదాకా తెలీదు. పేరు వేయనంటే ఇస్తానంది. నాలుగు గ్లాసులకి ఏమీ లేదు. లాఫ్రోయిగ్ ఎదురుగా 'ముక్కు' దగ్గర ఇలా ఉంది: "నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. దెబ్బ మీద అమ్మ రాసుకున్న టింక్చరు. రెండూ ఒకే పూట." 'నాలుక', 'ముగింపు' గీతలు ఖాళీగా వదిలేసింది.